మీటరు చెప్పిన పందొమ్మిది

“ఆయన ఇంటికి రానే లేదండీ,” అన్నాడు సర్వేయర్ గారి బావమరిది, మంచినీళ్ళ గ్లాసు డిటెక్టివ్ ముందు పెడుతూ. “సోమవారం పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ చేసి, బిళ్ళ వేసుకుని, జీపు తెచ్చుకుంటానని షెడ్డుకి బయల్దేరారు. అంతే. మళ్ళీ గుమ్మం తొక్కలేదు.”

డిటెక్టివ్ నోటుబుక్కులో ‘ఎనిమిది’ అని రాసుకుని కింద గీత గీశాడు. ఆ పేజీలో అలాంటి గీతలు ఇప్పటికే చాలా ఉన్నాయి. దేనికీ దేనితోనూ పొత్తు కుదరడం లేదు.

గురువారం మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. సాయంత్రం నాలుగింటికి షెడ్డు మెకానిక్కుని హత్యానేరం మీద కోర్టులో హాజరుపరుస్తారు. నిన్న అతన్ని పట్టుకెళ్ళగానే అతని అక్క డిటెక్టివ్ ఇంటికొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, “మా వాడు ఆయన్ని చంపలేదు. రేపు నాలుగింటిలోపు మీరు ఆ మాట రుజువు చెయ్యాలి. జైలుకెళ్తే వాడు తట్టుకోలేడు, వాడి సంగతి నాకు తెలుసు,” అంది. అడిగిన తీరుకే డిటెక్టివ్ ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నాక ఇప్పుడు బుర్ర గోక్కుంటున్నాడు.

కనబడకుండా పోయింది రిటైరైన సర్వేయరు. ముప్ఫై ఏళ్ళు ఒకే చిన్న జీపులో కొండలన్నీ కొలిచిన మనిషి. ఆ జీపుని ఆఫీసువాళ్ళు పాతసామానులో పారేస్తే కొనుక్కుని, మూడు నెలల కింద మెకానిక్కు చేతిలో పెట్టి, కొండెక్కేలా తయారుచెయ్యమన్నాడు. కారణం ఉంది. క్వారీవాళ్ళు హద్దు దాటి కొండని తవ్వేస్తున్నారని కేసు నడుస్తోంది. పాత హద్దురాళ్ళు మూడు ఆ కొండమీద ఎక్కడున్నాయో తెలిసినవాడు ఆయనొక్కడే. రేపు, శుక్రవారం, కోర్టు మనుషుల్ని వెంటబెట్టుకెళ్ళి ఆయన వాటిని చూపించాలి.

“ఇంట్లో మీరిద్దరేనా?” అని అడిగాడు డిటెక్టివ్.

“మా అక్కయ్య పోయాక ఇద్దరమే.”

బల్లమీద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఏడు గళ్ళు, గడికో వారం పేరు. డిటెక్టివ్ మూత తీశాడు. సోమవారం నుంచి గురువారం దాకా ఖాళీ. మిగతా మూడు గళ్ళలో తెల్లటి బిళ్ళలున్నాయి.

“ఇవి మీవా?”

“బావగారివండీ, బీపీకి. నాకు దేవుడి దయవల్ల ఏ జబ్బూ లేదు.”

ఇవాళ గురువారమే కదా అనుకుని డిటెక్టివ్ మూత పెట్టేశాడు. బయటికొస్తూ మెట్ల దగ్గర స్కూటరు చూశాడు. చక్రాల మీద తెల్లటి రాతిపొడి పట్టింది.

“నిన్న పోలీసులు క్వారీ గుంటలో బావగారి కోసం వెతుకుతుంటే చూడ్డానికి వెళ్ళానండీ,” అన్నాడు బావమరిది, అడక్కముందే.

అడక్కముందే చెప్పడం తప్పేం కాదు. అయినా డిటెక్టివ్‌కి కాల్లో ముల్లు విరిగినట్టుగా ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఆ ముల్లు స్కూటరు దగ్గరుందో, బల్ల దగ్గరుందో మాత్రం తేలలేదు.

*

షెడ్డు అక్కణ్ణించి రెండు కిలోమీటర్లు. మెకానిక్కు అక్క అక్కడే ఒక మూల మిషను వేసుకుని జీపులకి కాన్వాస్ టాపులూ సీట్లూ కుడుతుంది. తమ్ముడు స్టేషన్లో ఉన్నా ఆమె మిషను ఆపలేదు. ఆపితే ఏడుపొస్తుందని ఆమే చెప్పింది.

డిటెక్టివ్ మూలనున్న నాలుగు పాత టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. “సోమవారం సంగతి మొదట్నించీ చెప్పమ్మా.”

“ఎనిమిదింబావుకి ఆయనొచ్చారు. జీపు చుట్టూ పదిసార్లు తిరిగారు. తిరగరా మరి, మూడు నెలల పని. కమాను కట్టలు మార్చి బండిని జానెడు పైకి లేపాడు మా వాడు. ఏట్లో దిగినా ఇంజను నీళ్ళు మింగకుండా గాలిగొట్టాన్ని టాపు ఎత్తు దాకా పెట్టాడు. బురదలో దిగబడితే చెట్టుకి తాడు కట్టి తనంతట తనే లాక్కునేలా ముందు వించి బిగించాడు. ఆయన మురిసిపోయారనుకోండి. తొమ్మిదీ పదికి స్టార్ట్ చేసి వెళ్ళారు.”

“ఎటు?”

“నేను చూడలేదన్నగారూ. లోపల దారం ఎక్కించుకుంటున్నా. తర్వాత బజారుకెళ్ళా. మా వాడు వేరే బండి కిందకి దూరాడు.”

“అంటే ఆయన బతికుండగా వెళ్ళాడనడానికి మీ ఇద్దరి మాటే ఆధారం.”

ఆమె మిషను తొక్కడం ఆపింది. “మా మాట చాలదా?”

చాలదని డిటెక్టివ్‌కి తెలుసు. లేచి షెడ్డు తలుపు దగ్గరికి వెళ్ళాడు. తలుపు నిండా సుద్దముక్కతో రాసిన అంకెలు. బండి బయటికెళ్ళేటప్పుడు మీటరెంతుందో తేదీవేసి రాయడం మెకానిక్కు అలవాటు. సోమవారం ఎదురుగా 48,310.

“ఇంకో సంగతి,” అంది ఆమె వెనకనుంచి. “బండిలోంచి తీసిన పాత సామాను మేము ఉంచుకోం. అరిగిపోయిన రబ్బరు బుష్షయినా సరే, సంచిలో పట్టేదాన్నల్లా మూటకట్టి, తీగతో చీటీ కట్టి, బండివాళ్ళకే ఇచ్చేస్తాం. ఆ మూట నేనే కట్టి సీటు వెనక పెట్టా. క్వారీ దగ్గర దొరికిన జీపులో సామాను లిస్టు ఇన్‌స్పెక్టరు గారు చదువుతుంటే విన్నా. అందులో మూట లేదు.”

“క్వారీ గుంటలో పడేసి ఉంటారు.”

“మనిషిని పడేసినవాళ్ళకి పాత బుష్షులతో ఏం పని? ఒకసారి ఆయన ఇంటికెళ్ళి చూసొస్తా.”

“నేనిప్పుడే అక్కణ్ణించి వస్తున్నా. ఏం లేదక్కడ.”

“మీకు మూట కనబడితే మూటలాగే కనబడుతుంది. నాకైతే నా ముడి కనబడుతుంది,” అంటూ ఆమె మళ్ళీ మిషను తొక్కింది.

డిటెక్టివ్ ఫ్యాంటుకి అంటిన టైర్ల మసి దులుపుకుని బయల్దేరాడు. ఆ కేసులో అతనికి కావలసిన జవాబు మీదే పావుగంట కూర్చుని లేచాడని అప్పటికి తెలియదు.

*

ఇన్‌స్పెక్టరూ డిటెక్టివూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. డిటెక్టివ్ ఉద్యోగం మానేసిన రోజు ఇన్‌స్పెక్టరు స్వీట్లు పంచాడని అంటారు. పంచింది నిజమే. ప్రమోషన్ అదే రోజు వచ్చిందని అతను చెప్పుకుంటాడు.

“ఏం గురూ, తేలిందా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి.

“తేలలేదు.”

“నాకు తేలింది. రాసుకో.” అతను వేళ్ళు మడిచాడు. “షెడ్డులో మీటరు 48,310, వాడి చేత్తో వాడే రాసింది. సోమవారమే పదకొండింటికి క్వారీ కాపలావాడు గుంట ఒడ్డున ఖాళీ జీపు చూశాడు. సీటు మీద రక్తం. మీటరు 48,329. తేడా పందొమ్మిది. షెడ్డు నుంచి క్వారీ ఎంతో నా జీపులో నేనే వెళ్ళి చూశా. పందొమ్మిది. నూటికి నూరుపాళ్ళు సరిపోయింది.”

“అయితే?”

“సర్వేయర్ ఇల్లు తూర్పున రెండు కిలోమీటర్లు. క్వారీ పడమట. బండి ఇంటికెళ్ళి మళ్ళీ క్వారీకి పోతే మీటరు ఇరవై మూడు చూపించాలి. చూపించలేదు. అంటే బండి ఎక్కడికీ తిరక్కుండా షెడ్డులోంచి తిన్నగా క్వారీకే పోయింది. సర్వేయర్ గారు ఇంటికని బయల్దేరారని నీ మెకానిక్కు అంటున్నాడు. ఎందుకబద్ధమాడుతున్నాడు? ఆయన షెడ్డు దాటితే గదా.”

“ఎందుకు చంపుతాడయ్యా? మూడు నెలలు బిడ్డని సాకినట్టు సాకాడు ఆ బండిని.”

“ముందు వారం ఇద్దరూ వీధిలోకి వినబడేలా పోట్లాడుకున్నారు. టైర్ల దగ్గరేదో మాట పెరిగిందట. నాకు కారణం కన్నా లెక్క ముఖ్యం. మనుషులు అబద్ధమాడతారు, మీటరాడదు.”

“రేపు హద్దురాళ్ళు చూపించాల్సిన మనిషి సోమవారం మాయమైతే నీకేం అనిపించలేదా?”

“అనిపించింది. అయ్యో పాపం అనిపించింది.” ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. “రెండున్నర. వాడితో మాట్లాడతావా? రెండు నిమిషాలిస్తా. పాత స్నేహం.”

మెకానిక్కు ఊచల వెనక గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్రపోనివ్వలేదని కళ్ళే చెబుతున్నాయి. డిటెక్టివ్‌కి జాలేసింది. జాలిపడితే పని జరగదని గొంతు గట్టిచేసుకున్నాడు.

“పోట్లాట దేనికి?”

“ఆయన ఎంచిన టైర్లు వద్దన్నానండీ. ఆ చిన్న బండికి బరువన్నాను. వినలేదు. కొండమీద అవే కావాలన్నారు. చివరికి ఆయన మాటే నెగ్గింది.”

“ఆయన ఇంటికెళ్తానన్నాడా?”

“మ్యాపులు తీసుకుని కొండకెళ్ళి ఓసారి దారి చూసుకుంటానన్నారు. మ్యాపులు ఇంట్లోనే గదండీ ఉండేది.”

“ఆ జీపు మీటరు సరిగ్గా పనిచేస్తుందా?”

మెకానిక్కు మొహంలో ఒక్క క్షణం పనివాడి గర్వం కనిపించింది. “నేనే విప్పి శుభ్రం చేశానండీ. కిలోమీటరు రాయి రాయికీ ఆగి సరిచూశా. వెంట్రుకవాసి తేడా లేదు.”

 తనని ఉరికంబం దాకా నడిపిస్తున్న మీటరుకి తనే పూచీపడుతున్నాడు ఈ అమాయకుడు. అబద్ధమాడేవాడైతే మీటరు పాడైందనేవాడు. మరి నిజమే చెబుతుంటే, బండి ఇంటికెళ్ళకుండా క్వారీకెలా పోయింది? రెండూ నిజం కావడానికి వీల్లేదు. రెండూ నిజంలాగే ఉన్నాయి.

ఆ సరిచూసింది ఎప్పుడయ్యా అని ఒక్క ముక్క అడగాల్సింది. అడగలేదు.

*

జీపుని కోర్టు ఆవరణలో చూపించమని మేజిస్ట్రేటు కోరాడు. మూడింటికి రెండు బళ్ళు కదిలాయి. ముందు పోలీసు జీపులో ఇన్‌స్పెక్టరు, బేడీలతో మెకానిక్కు. వెనక సర్వేయర్ జీపు నడుపుతూ కానిస్టేబులు, పక్కన డిటెక్టివ్. ఎక్కేటప్పుడు అతను కాలు నడుందాకా ఎత్తాల్సొచ్చింది.

“క్వారీ నుంచి దీన్ని ఎలా తెచ్చారు?” అని అడిగాడు.

“లారీ మీదండీ. చక్రం నేలకి ఆననివ్వలేదు మా ఇన్‌స్పెక్టరు సారు. మీటరు చెడుతుందని. ఇప్పుడు అంకె ఫొటో తీసుకున్నారు లెండి,” అన్నాడు కానిస్టేబులు.

మీటర్లో అంకె 48,329 దగ్గరే ఉంది. స్టేషన్ ఎదురుగా రోడ్డు పక్కన రాయి, కోర్టు పన్నెండు కిలోమీటర్లని. డిటెక్టివ్ నోటుబుక్కు తెరిచి, పొద్దున్నుంచీ గీసిన గీతలన్నీ చూసుకున్నాడు. ఎనిమిది, తొమ్మిదీ పది, పదకొండు, పందొమ్మిది. నీరసమొచ్చి పుస్తకం మూసేసి, చేసేదేం లేక రాళ్ళు లెక్కపెట్టసాగాడు. పదకొండు. పది. తొమ్మిది.

ఆరో రాయి దాటుతుండగా కళ్ళు మీటరు మీద పడ్డాయి. 48,334.

అతను వేళ్ళమీద లెక్కపెట్టాడు. పన్నెండు నుంచి ఆరుకి ఆరు కిలోమీటర్లు. మీటరు కదిలింది అయిదు. తను రాయేదో తప్పు చదివాడనుకున్నాడు.

“ఈ రాళ్ళు సరిగ్గా పాతారా?”

“సర్వేయర్లు పాతిన రాళ్ళండీ, తప్పెందుకవుతాయి?”

డిటెక్టివ్ తల బయటికి పెట్టి చక్రం చూశాడు. ఎంత చక్రమది, నిలబడ్డ మనిషి నడుమందుకునేలా ఉంది. తను షెడ్డులో కూర్చున్న పాత టైరు నిలబెడితే తొడ మధ్యదాకా ఉంటుందేమో. పోట్లాట టైర్ల దగ్గర. చివరికి ఆయన మాటే నెగ్గింది.

“హారన్ కొట్టు,” అన్నాడు కానిస్టేబులుతో. “ఆపకుండా కొట్టు.”

ముందు బండి ఆగింది. ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ దిగాడు. డిటెక్టివ్ అతన్ని పట్టించుకోకుండా మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు.

“మీటరు సరిచూసింది ఎప్పుడు?”

“పదిహేను రోజులైందండీ.”

“పెద్ద టైర్లు ఎక్కించిందెప్పుడు?”

“సోమవారం పొద్దున, ఆయన ఎదురుగానే.” అలా అంటూనే మెకానిక్కు ఆగిపోయాడు.  “అయ్యో. మీటరు పళ్ళచక్రం మార్చలేదండీ. ఆ సైజుది ఇంకా రాలేదు. ఈలోపు అయిదుకి ఆరు లెక్కేసుకుంటాలే అన్నారాయన. మీరడిగితే శుభ్రం చేసిన సంగతే గుర్తొచ్చింది, వీళ్ళయితే మీటరు గురించి అడగనే లేదండీ. శవమెక్కడా, శవమెక్కడా అనే అడిగారు.”

“ఏంటి గోల?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మీటరు లెక్కపెట్టేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే. చక్రం పెద్దదైతే ఒక్కో తిరుగుడుకీ బండి ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకి తెలీదు. నీ జీపులో ఇప్పుడెంత తిరిగింది?”

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. “ఆరు.”

“ఇందులో అయిదే. నీ పందొమ్మిదిని అయిదుకి ఆరు చొప్పున లెక్కెయ్యి.”

ఇన్‌స్పెక్టరు పెదవులు కదిలాయి. లెక్కలో అతను ఎప్పుడూ తప్పడు. “ఇరవై మూడు,” అన్నాడు.

“ఇంటికి రెండు, వెనక్కి రెండు, క్వారీకి పందొమ్మిది. ఆయన ఇంటికెళ్ళాడయ్యా. నీకు లెక్క సరిపోయింది కాబట్టే దాన్ని అనుమానించలేదు.”

ఆ మాట తన నోటినుంచి వచ్చాక డిటెక్టివ్‌కే ఎక్కడో తగిలింది. లెక్క సరిపోయింది కాబట్టి అనుమానించకపోవడం. తనూ ఇవాళ అదే పని చేశాడు. బల్లమీద డబ్బా. గురువారం దాకా గళ్ళు ఖాళీ, ఇవాళ గురువారం, సరిపోయింది. కానీ సోమవారం పొద్దుటి నుంచి లేని మనిషి మంగళవారం బిళ్ళ ఎలా వేసుకున్నాడు? బుధవారానిది ఎవరు మింగారు?

ఇవాళ్టిది ఎవరు మింగారు?

అప్పుడే ఫోను మోగింది. మెకానిక్కు అక్క.

“మూట దొరికిందన్నగారూ,” అంది ఆమె సంబరంగా. “సర్వేయర్ గారి వరండాలో, పాత గోనెల కింద ఉంది. నా ముడే. చీటీ కూడా ఊడలేదు.”

“మీరు ఆ ఇంట్లో ఉన్నారా? ఆయన బావమరిదేడీ?”

“పెరట్లో ఉన్నట్టున్నాడు. వ్యానేదో వెనక్కి పెట్టించుకుంటున్నాడు. ముందు తలుపు తీసే ఉంటే వచ్చా.”

“హాల్లో బల్లమీద బిళ్ళల డబ్బా ఉంటుంది. చప్పుడు చెయ్యకుండా మూత తియ్యండి. శుక్రవారం గడిలో ఏముంది?”

మూత తీసిన చప్పుడు సన్నగా వినిపించింది. తర్వాత ఆమె గొంతు తగ్గింది. “ఖాళీ. శనివారం ఖాళీ. ఆదివారం కూడా. ఏం లేవండీ ఇందులో.”

 మధ్యాహ్నం మూడు గళ్ళు నిండుగా ఉన్నాయి. మూడు రోజుల మందు ఎవరో కట్టుకున్నారు. సర్వేయర్ బతికే ఉన్నాడు, ఆ ఇంట్లోనే ఉన్నాడు. రేపు హద్దురాళ్ళు చూపించకుండా బావమరిదే దాచాడు. ఇప్పుడు ఆయన్ని ఇంకెక్కడికో తీసుకెళ్ళిపోతున్నారు.

“మూట అక్కడే వదిలేసి వెంటనే బయటికి రండి. ఎవరితోనూ మాట్లాడకండి.”

“వస్తున్నా. ఉండండి, లోపలెక్కడో ఎవరో గోడ మీద కొడుతున్నట్టు...” ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

ఇన్‌స్పెక్టరు అంతా విన్నాడు. అప్పటికే వైర్‌లెస్‌లో స్టేషన్ని పిలుస్తున్నాడు. ఉన్న బండీ, ఉన్న మనుషులూ అందరూ క్వారీ గుంట దగ్గర, శవం కోసం వెతుకుతున్నారు. వెతకమన్నది తనే. అతని మొహం మాడిపోయింది.

“రోడ్డుమీద వెనక్కి పోతే పద్నాలుగు కిలోమీటర్లు,” అన్నాడు మెకానిక్కు. “కాలవలో దిగి గట్టెక్కితే నాలుగే. మీ జీపు బురదలో దిగబడుతుంది. ఆ బండి దిగబడదండీ.” బేడీలున్న చేతులతో సర్వేయర్ జీపుని చూపించాడు.  “మా అక్క ఉందక్కడ.”

ఇన్‌స్పెక్టరు డిటెక్టివ్ వైపు చూశాడు. వాచీ చూసుకున్నాడు. మూడూ ఇరవై. నాలుగింటికి కోర్టు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, మారుమాట లేకుండా బేడీలు విప్పాడు.

“నువ్వే నడుపు,” అన్నాడు.

కానిస్టేబుల్ని రోడ్డుమీదే వదిలి ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. మెకానిక్కు చిన్న గేరు కర్రని వెనక్కి లాగాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టుకున్నాయి. జీపు ముక్కు కిందికి పెట్టి కాలవలోకి దిగింది. నీళ్ళు బానెట్ అంచుదాకా వచ్చినా ఇంజను మాట తడబడలేదు. డిటెక్టివ్ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో సర్వేయర్ ఇంటి నంబరు నొక్కాడు. అయిదోసారి మోగాక ఎత్తారు.

“మెకానిక్కు అక్కగారు మీ ఇంటికొచ్చారా?” అని అడిగాడు, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

“ఎవరండీ, ఆ కాన్వాస్ కుట్టేవిడా?” బావమరిది గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది. మధ్యాహ్నం మంచినీళ్ళు పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. “లేదండీ. ఆవిడ ఇంటికి రానే లేదండీ.”